పళ్ళ పిన్ని

అక్క పోయిందని ఫోను రాగానే చేతికందిన బట్టలు సంచిలో కుక్కుకుని బస్సెక్కాను. వానలు అప్పుడే మొదలయ్యాయి. వంటగదిలో పొయ్యి ముందు నిలబడి ఉండగానే తల పట్టుకుని కూలబడిందట. తలలో నరం చిట్లిందని ఆసుపత్రిలో చెప్పారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పొయ్యి మీద పెట్టిన గిన్నె మాత్రం అలాగే ఉంది, అడుగంటిపోయి. దాన్ని నానబెట్టి తోమడంతో ఆ ఇంట్లో నా పని మొదలైంది.

వాన ఆగలేదు. వరండాలో తాడు మీద వేసిన నా బట్టలు ఎన్నాళ్ళకీ ఆరలేదు. అమ్మ అక్క బీరువా తెరిచి నీలం రంగు నైటీ ఒకటి తీసి నా ఒళ్ళో పడేసింది.

"వేసుకోవే. తడిబట్టలతో జ్వరం తెచ్చుకుంటావా?"

"అక్కదమ్మా."

"తెలుసులే. ఇంక ఎవరు వేసుకోవాలి దాన్ని?"

వేసుకున్నాను. కొలత తీసి కుట్టించినట్టు సరిపోయింది. అది వేసుకుని పొయ్యి దగ్గర నిలబడ్డానో లేదో, అక్క చిన్నకూతురు వెనక నుంచి వచ్చి నా కాళ్ళు వాటేసుకుంది. ఇంకా బడికి పోని పిల్ల. అమ్మ ఊరెళ్ళింది, వస్తుందని చెప్పి పెట్టారు దానికి.

"అమ్మా" అంది, మొహం నా నైటీలో దాచుకుని.

వెనక్కి తిరగబోయాను. అమ్మ నా భుజం పట్టుకుని ఆపింది.

"ఉండవే. ఒక్క నిమిషం అలాగే ఉండు. పిల్ల ఇప్పుడే నెమ్మదించింది."

నేను అటు తిరిగే ఉండిపోయాను.

నేను చేసే పని పళ్ళు. కట్టుడు పళ్ళు. డాక్టర్లు తీసి పంపిన అచ్చుల్లో సుద్ద పోసి, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ పేర్చి సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో ఉద్యోగం. అక్క పిల్లలకి నేను పళ్ళ పిన్నిని. వెళ్ళినప్పుడల్లా పగిలిపోయిన సుద్ద దవడ ఒకటి సంచిలో వేసుకెళ్ళేదాన్ని. ఆ దవడ అక్క పెద్దకూతురితో మాట్లాడేది. "ఏమే, హోంవర్కు చేశావా, లేక కరవమంటావా?" అని అడిగేది. పెద్దది కడుపు పట్టుకుని నవ్వేది. ఇప్పుడు ఆరో తరగతికొచ్చినా దవడ కనబడితే చాలు, చిన్నపిల్లయిపోయేది.

ఆ పనిలోకి నన్ను తోసింది అక్కే. నా సంసారం విరిగిపోయి, అక్క ఇంటికొచ్చి పడి, పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకున్న రోజులవి. ఆ ఇంట్లో, అంటే నా అత్తవారింట్లో, నేను ఏం అన్నా తప్పయ్యేది, ఏం అనకపోయినా తప్పయ్యేది. బయటపడేసరికి నాకు ఏ కూర ఇష్టమో అడిగినా చెప్పలేని స్థితికొచ్చాను. అక్క దుప్పటి లాగేసి, "గోడకి నీ మొహం కంఠతా వచ్చేసి ఉంటుంది. ఇక లే" అంది. తనే తీసుకెళ్ళి ఆ ల్యాబ్‌లో నేర్చుకోవడానికి చేర్పించింది. కొన్నాళ్ళకి నేను ఫోను చేసి, "నా కాళ్ళ మీద నేను నిలబడ్డానే అక్కా" అని గొప్పగా చెప్పుకుంటే, "కాళ్ళ మీద కాదే, పళ్ళ మీద" అంది. ఆ నవ్వు ఫోనులోనే ఎంతసేపు నవ్విందో.

అలాంటి అక్క ఇంట్లో ఇప్పుడు నేను పొద్దున్నే లేచి పెద్దదానికి బడి డబ్బా కట్టేదాన్ని. వంటగదిలో ఏ డబ్బాలో ఏముందో చూడకుండానే చెయ్యి వెళ్ళేది. ఉప్పు అక్క వేసినట్టే కాస్త ముందే వేసేదాన్ని. ఒకరోజు బావ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "అచ్చం..." అన్నాడు. మిగతా మాట మింగేసి తల వంచుకుని తిన్నాడు. ఆయన ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు. వానల్లో పిలిచేవాళ్ళు తక్కువ, ఇంటి పట్టునే ఉండేవాడు. నాకు ఆ "అచ్చం" అన్న మాట రోజంతా చెవిలో తియ్యగా మోగింది. అక్క చెప్పులు వేసుకున్నాను, నావి వానకి ఊడిపోయాయని. వాటిలో అక్క మడమ చేసిన పల్లం ఉంది. నా మడమ అందులో కూర్చుంది. జుట్టు కూడా అక్కలా వెనక్కి లాగి ముడివెయ్యడం మొదలుపెట్టాను. అలా పని చేసుకోవడానికి వీలుగా ఉంటుందనుకున్నాను.

చిన్నది "అమ్మా" అంటే మొదట్లో ఊరుకునేదాన్ని. తర్వాత్తర్వాత "ఊఁ" అనడం అలవాటైపోయింది.

నేను ఏడవలేదు. ఏడవడానికి తీరికేదీ అనుకున్నాను.

ల్యాబ్ మేడమ్ ఫోను చేసింది. "ఏమ్మా, బతికే ఉన్నావా?" అనేసి, తప్పు తెలిసి నాలిక్కరుచుకుంది. "అది కాదమ్మా నా ఉద్దేశం. నువ్వు లేక కింది సెట్లన్నీ తిరిగొస్తున్నాయి. నోట్లో పెట్టుకుంటే తాళాలు కొడుతున్నాయట. ఎప్పుడొస్తావు?"

"వచ్చే వారం వస్తాను మేడమ్."

"పోయిన వారం కూడా ఇదే అన్నావు."

ఆవిడ నా చేతిపని గురించి ఇంకా ఏవేవో చెప్పింది. వింటుంటే ఎవరికో చేసిన ఫోను నేను ఎత్తినట్టుంది. ఆ తర్వాత ఆవిడ పేరు కనబడితే ఎత్తడం మానేశాను.

ఒక మధ్యాహ్నం కూరగాయలు తరుగుతుంటే అమ్మ వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అక్క పోయిన రోజు నోట్లోంచి పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేసింది అమ్మ. నేను చేసిచ్చిన సెట్టే. మళ్ళీ పెట్టుకోలేదు. "ఎవరితో నవ్వాలని" అనేది అడిగితే. బుగ్గలు లోపలికి పోయి ఒక్కసారిగా పండుముసలిదైపోయింది.

"అల్లుడితో మాట్లాడాను" అంది.

"ఏమని?"

"ఏమనేముంది. ఇల్లు ఇలా నిలబడిందంటే నీ వల్లే గదా. పిల్లలకి అమ్మ కావాలి. నీకూ ఒక ఇల్లు కావాలి. నలుగురూ ఏదో ఒకటి అనేలోపు మనమే ఒక దారి చూసుకుంటే..."

నాకు అర్థమైంది. వంకాయ ముక్కలు నీళ్ళలో వేశాను.

"నాకు గది ఉందమ్మా. పని ఉంది."

"అద్దెగది ఇల్లవుతుందటే?"

"బావేమన్నాడు?"

"ఏమంటాడు? తల వంచుకున్నాడు. కాదని మాత్రం అనలేదు." అమ్మ నా చేతిలోంచి కత్తి తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నాకు ఇద్దరు. ఒకత్తి పోయింది. నువ్వు ఇక్కడ ఉంటే ఇద్దర్నీ ఒక్కచోట చూసుకున్నట్టుంటుందే నాకు."

ఆ బోసినోటితో ఆ మాట అన్నాక నేనేం చెప్పను.

"నీ ఇష్టం అమ్మా" అన్నాను.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను మళ్ళీ కత్తి తీసుకున్నాను. అంతే. నా జీవితం సంగతి అలా తేలిపోయింది, మిగతా వంకాయలు తరిగేలోపు.

మధ్యలో ఒకరోజు ఎండ కాసింది. ఇంటినిండా చెమ్మ వాసన. దుప్పట్లు, కర్టెన్లు, దిండు గలీబులు, చేతికి దొరికినవన్నీ లాగి ఉతికి ఆరేశాను. ఒళ్ళు హూనమైనా మనసుకి హాయిగా ఉంది. ఇల్లంతా సబ్బు వాసన. పెద్దది బడి నుంచి వచ్చి, గదిలోకి వెళ్ళి, వెంటనే బయటికొచ్చింది. తాడు మీదున్న ఒక గలీబు పట్టుకుని నిలబడింది. అది తను రోజూ తల కింద పెట్టుకునే దిండుది.

"దీన్ని ఉతికావా?"

"బూజు పట్టిందమ్మా. వాసనొస్తోంది."

"అది అమ్మ వాసన."

గలీబును మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. తిరగేసి, లోపలివైపు కుట్ల దగ్గర కూడా చూసింది. ఏమీ మిగల్లేదు.

"నాకు తెలీదే" అన్నాను.

"నీకెందుకు తెలీదు? అన్నీ తెలుసుగా నీకు. అమ్మలా నడుస్తావు. అమ్మలా ముడేసుకుంటావు. అమ్మ చెప్పులేసుకుంటావు. చెల్లి అమ్మా అంటే పలుకుతావు."

"మరి మీకు ఇంకెవరున్నారే? నేను కాకపోతే?"

"నాకు పిన్ని ఉంది కదా!" అని అరిచింది. "పళ్ళ పిన్ని. అమ్మ చచ్చిపోయింది, సరే. పిన్ని ఎక్కడికి పోయింది? ఆ రోజు నువ్వొస్తున్నావని చెబితే పొద్దున్నుంచి గేటు దగ్గరే కూర్చున్నాను. నువ్వొస్తే నీతో కలిసి ఏడవాలని. నువ్వు వచ్చావు, సంచి పడేశావు, గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయావు. ఇంక బయటికి రాలేదు."

గలీబు కింద పడేసి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఎండ పోయి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. తాడు మీద బట్టలన్నీ తడుస్తున్నాయి. తియ్యాలని తెలుసు. మెట్టు మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. బావ వచ్చి తీశాడు, ఒక్కొక్కటే, నన్నేమీ అడక్కుండా.

మర్నాడు పొద్దున నా సంచిలోంచి నా బట్టలు తీసి వేసుకున్నాను. ముతక వాసన వేస్తున్నాయి. అమ్మ ఎగాదిగా చూసింది.

"అవెందుకే? బీరువాలో మంచివి ఉండగా."

"ఇవి నావి." బీరువా వైపు చూడకుండా అడిగాను. "నీ పళ్ళేవమ్మా?"

"ఇప్పుడు వాటితో ఏం పని?"

"ఇలా తే."

గ్లాసులో నీళ్ళు ఎవరూ మార్చలేదు. సెట్టు జిగురుగా ఉంది. బ్రష్షుతో రుద్ది కడిగి అమ్మ నోట్లో పెట్టాను. పైది సర్దుకుంది. కిందిది పెట్టగానే "అబ్బా" అంది. తిండి మానేసి చిక్కిపోయింది కదా, చిగుళ్ళూ తగ్గిపోయాయి, సెట్టు కదిలి ఒకచోట ఒరుసుకుంటోంది. వేలు పెట్టి తడిమాను. ఎడమ పక్క పుండు పడే చోటు దొరికింది. గుర్తు పెట్టడానికి ఏదో ఒక రంగు కావాలి. చుట్టూ చూస్తుంటే ఒక చెయ్యి లిప్‌స్టిక్ అందించింది. పెద్దది. ఎప్పుడొచ్చి నిలబడిందో. అక్క లిప్‌స్టిక్ అది. తీసుకోవాలా వద్దా అని చూశాను. "తీసుకో" అంది.

నొప్పి ఉన్నచోట చిగురు మీద కాస్త పూసి, సెట్టు పెట్టి, మళ్ళీ తీశాను. లోపలివైపు ఎర్రటి మచ్చ అంటుకుంది. అక్కడే అరగదియ్యాలి, ఒక్క పిసరు కూడా ఎక్కువ కాకుండా. బావ పెట్టెలో చిన్న గ్రైండర్ ఉంది. వంటగది బల్ల మీదే కూర్చుని మొదలుపెట్టాను. సెట్టును ఎలా పట్టుకోవాలో, మోచెయ్యి ఎక్కడ ఆనించాలో వేళ్ళకే గుర్తొచ్చింది. గులాబీరంగు పొడి నా ఒళ్ళో రాలుతోంది. ఆ వాసన, కాలిన ప్లాస్టిక్‌లాంటి ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు ఆకలేసింది. ఆ ఇంటికొచ్చాక ఆకలి వెయ్యడం అదే మొదటిసారి.

పెద్దది టార్చి పట్టుకుంది. నేను "కాస్త ఇటు" అంటే ఇటు తిప్పింది.

పేస్టుతో నునుపు చేసి మళ్ళీ పెట్టాను. అమ్మ నోరు మూసి తెరిచింది.

"నొప్పి లేదు. కానీ వదులుగా ఉందే."

"లోపల పూత వెయ్యాలి. అది ఇక్కడ కుదరదు. ల్యాబ్‌లో చెయ్యాలి. తీసుకెళ్తాను."

అమ్మ నా బట్టల వైపు చూసింది, సంచి వైపు చూసింది. అర్థమైంది ఆవిడకి.

"తీసుకెళ్ళి?"

"చేసి తెస్తాను. ప్రతి ఆదివారం వస్తాను. నువ్వు వీళ్ళ దగ్గర ఉండు."

"ఇద్దర్నీ ఒక్కచోట చూసుకుంటాననుకున్నానే" అంది అమ్మ. పళ్ళు ఉన్నాయి కాబట్టి మాట స్పష్టంగా వచ్చింది. అదే ఇంకా కష్టంగా ఉంది వినడానికి.

"ఇద్దరం లేమమ్మా. నేనొక్కదాన్నే ఉన్నాను."

అమ్మ కింది సెట్టు తీసి తడి గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

బావ వరండాలో ఎవరిదో పాత ఫ్రిజ్ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"బావా, అమ్మ అడిగితే మీరు కాదనలేదట."

"అవుననీ అనలేదు." స్క్రూ ఒకటి తిప్పుతూనే ఉన్నాడు. "ఆవిడ మొహం చూసి ఏమీ అనలేకపోయాను."

"నేనూ అంతే. నేను ఎల్లుండి వెళ్ళిపోతున్నాను."

స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. చాలాసేపు చేతులకంటిన నల్ల మడ్డి గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఒకటి చెప్తే తిట్టుకోవుగా?"

"చెప్పండి."

"నువ్వు పొయ్యి దగ్గర అటు తిరిగి పనిచేసుకుంటున్నంతసేపూ నాకు ప్రాణం కుదుటపడేది. పని ఉన్నా లేకపోయినా వచ్చి గుమ్మంలో నిలబడేవాణ్ణి. నువ్వు ఇటు తిరిగావంటే మళ్ళీ చచ్చిపోయేది మీ అక్క. రోజుకి ఎన్నిసార్లో." నా వైపు చూడలేదు. "నీ తప్పేం లేదు. నీ మొహం మంచిదే. దాని మొహం కాదు, అంతే."

మళ్ళీ స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని, "పెద్దదానికి జడ వెయ్యడం నేర్పి వెళ్ళు. చెల్లికి వేస్తుంది" అన్నాడు.

"అది చిన్నపిల్ల బావా. మీరు నేర్చుకోండి."

"ఈ చేతులతోనా?"

"అవే చేతులతో."

ఆ సాయంత్రం నేర్చుకున్నాడు, పెద్దదాని తల మీద. వైర్లు మెలిపెట్టినట్టు మెలిపెట్టాడు. "నాన్నా, నా తలలోకి కరెంటు ఇస్తావా ఏంటి" అంది అది. అక్క పోయాక ఆ ఇంట్లో ఎవరో ఒక వేళాకోళపు మాట అనడం నేను అప్పుడే విన్నాను. ఎవరం నవ్వలేదు గానీ, విన్నాం.

మిగిలింది చిన్నది. దానికి నిజం చెప్పే పని ఇంకెవరికీ అప్పగించలేను. మర్నాడు పొద్దున తల దువ్వుతున్నాను.

"అమ్మా, గట్టిగా లాగకు."

"అమ్మ కాదు బంగారం. పిన్ని."

ఆట అనుకుంది. కిలకిలా నవ్వి, "అమ్మ!" అంది.

"పిన్ని."

"అమ్మ!"

"పిన్ని తల్లీ. నేను పిన్నిని. చూడు."

తన మొహం నావైపు తిప్పుకున్నాను. ఇంత దగ్గరగా నన్ను అది ఎప్పుడూ చూడనే లేదేమో. చాలాసేపు చూసింది. నవ్వు పోయింది.

"మరి అమ్మేదీ?"

"చచ్చిపోయింది నాన్నా. వానలు మొదలైనప్పుడే."

"ఊరి నుంచి వచ్చింది కదా."

"వచ్చింది నేను. అమ్మ రాదు."

నా చేతిలోంచి రిబ్బను లాక్కుంది. దిగి, వరండాలోకి వెళ్ళి, వాళ్ళ నాన్న కాళ్ళ మధ్య దూరి కూర్చుంది. ఏడవలేదు. అది ఏడ్చినా నేను తట్టుకునేదాన్ని. ఆ పిల్లకి తల్లి నిజంగా పోయింది ఆ పొద్దునే, నా నోటితోనే. ఆ తర్వాత నేనెంత పిలిచినా రాలేదు. నేను బయల్దేరేటప్పుడు బల్ల కింద కూర్చుని అటు తిరిగింది.

పెద్దది గొడుగు పట్టుకుని బస్టాపు దాకా వచ్చింది.

"నిజంగా వస్తావా ఆదివారం?"

"వస్తాను."

"దవడ తెస్తావా? పగిలిందైనా పర్లేదు."

తెచ్చాను. అన్నమాట ప్రకారం ప్రతి ఆదివారమూ వెళ్ళాను. అమ్మ పళ్ళు పెట్టుకుంది. బావ జడలు బాగానే కుదిరాయి. చిన్నది మాత్రం చాలాకాలం నన్ను ఏమనీ పిలవలేదు. మంచినీళ్ళు కావాలంటే నా ముందుకొచ్చి గ్లాసు చాపి నిలబడేది. దాని మీద నాకు కోపం రాలేదు. ఏమని పిలవాలో తేల్చుకోవడానికి నాకే ఒక వానాకాలం పట్టింది.

అదంతా తర్వాతి మాట. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నా పక్కన ఒకావిడ, ఒళ్ళో మూత కట్టిన బుట్ట పెట్టుకుని కూర్చుంది. బస్సు ఊరు దాటాక మాట కలిపింది.

"ఇక్కడేనా మీది?"

"కాదండీ. మా అక్క వాళ్ళిల్లు ఇక్కడ."

"అలాగా. బాగున్నారా అక్కగారు?"

ఎవరైనా అడిగే మాటే. బాగుంది అనేద్దామనుకున్నాను. నోరు తెరిచాను.

"లేదండీ. పోయింది మా అక్క."

"అయ్యో. మీకంటే పెద్దదా?"

అక్క అన్నాక పెద్దదే కదా. ఆవిడకీ ఆ సంగతి తట్టినట్టుంది. బుట్ట కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఏడవకమ్మా అనలేదు. కండక్టరు టికెట్టని వచ్చి, నన్ను చూసి, వెనక సీట్ల వైపు వెళ్ళిపోయాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చింది ఏడుపు. దుప్పటి లాగి నన్ను లేపిన అక్క, ఫోనులో ఆపకుండా నవ్విన అక్క. ఆ ఇంట్లో ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చారు. తల్లి కూతురి కోసం ఏడ్చింది, భర్త భార్య కోసం, పెద్దది అమ్మ కోసం. చెల్లెలి ఏడుపు ఒక్కటే ఎవరూ ఏడవకుండా మిగిలిపోయింది.

నేను దిగాలని చెప్పిన చోటు వచ్చిందని ఆవిడ నా సంచి అందించింది. నేను లేవలేదు. "తర్వాతి స్టాపులో దిగుదురుగానిలే" అని సంచి తన ఒళ్ళోనే పెట్టుకుంది.